అద్దె ఇంట్లో తోడు జంతువు: అమెరికాలో ఈ హక్కు ఎలా వచ్చింది

అమెరికాలో లీజులో ‘నో పెట్స్’ అని ఉన్నా, డాక్టరో థెరపిస్టో ఇచ్చిన లెటర్ చూపించి, మానసిక ఊరట కోసం పెంచుకునే ఎమోషనల్ సపోర్ట్ యానిమల్‌ని ఉంచుకోవచ్చని చాలామందికి తెలుసు. దానికోసమే ఏదో చట్టం చేసి ఉంటారని అనుకుంటారు. నిజానికి ఈ హక్కుకు ఆధారమైన ఫెయిర్ హౌసింగ్ చట్టంలో జంతువుల ఊసే లేదు.

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న ఆ చట్టం అమల్లోకి వచ్చింది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని ఆపడానికి తెచ్చారు. అందులో వైకల్యం చేరేసరికి 1988 అయింది. వైకల్యం ఉన్నవాళ్లు ఇంటిని మిగతావాళ్లతో సమానంగా వాడుకోవడానికి అవసరమైతే యజమాని తన నియమాలను సమంజసమైన మేరకు సడలించాలి, సడలించకపోతే అదీ వివక్షే అని ఆ సవరణ చెప్పింది. ఆ తర్వాతి కథంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే నడిచింది. 1989లో ఫెడరల్ హౌసింగ్ శాఖ తెచ్చిన నిబంధనల్లో దీనికి ఇచ్చిన ఉదాహరణ, చూపులేని వ్యక్తికి దారి చూపే కుక్క. డిప్రెషన్‌తో బాధపడేవాళ్ల ఒళ్లో కూర్చునే పిల్లి అప్పటికి ఎవరి ఊహలోనూ ఉన్నట్టు లేదు.

కోర్టుల్లో మాత్రం ఆ వాదన అప్పటికే మొదలైంది. జార్జియాలోని డికాల్బ్ కౌంటీలో ప్రభుత్వ గృహంలో ఉంటున్న ఒకావిడ, మానసిక సమస్య వల్ల తన కుక్క లేకుండా ఉండలేనని వాదించింది. కింది కోర్టు ఆమె కేసును విచారణ దాకా రానివ్వలేదు. 1981లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి కేసు వెనక్కి పంపింది. అయితే ఆమె ఆధారం, వైకల్యం చూపి వివక్ష చేయకూడదనే 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టం. అది ఫెడరల్ నిధులు అందుకునే చోట్లకే వర్తిస్తుంది. ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు 1988 దాకా ఆ దారి కూడా లేదు.

తర్వాత గొడవంతా శిక్షణ మీదకు మళ్లింది. ప్రత్యేక శిక్షణ లేని కుక్కకు ఈ సడలింపు వర్తించదన్న ధోరణిలో 2003లో హవాయి ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. 2009లో ఒహాయో కోర్టు శిక్షణ అక్కర్లేదంది. నాకు ఒహాయో వాదనే సబబుగా తోస్తుంది. దుకాణంలోకి వచ్చే సర్వీస్ డాగ్, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు సాయం చేసేలా శిక్షణ పొందిన కుక్క, ఏదో ఒక పని చేసిపెట్టాలి. ఇంట్లో ఉండే జంతువు విషయంలో, అది పక్కన ఉండటమే చికిత్సలో భాగం కావచ్చు.

2010లో న్యాయశాఖ, దుకాణాల వంటి చోట్ల వైకల్యం ఉన్నవాళ్ల హక్కులను చూసే ఏడీఏ చట్టం నిబంధనలు మార్చి, మనసుకు ఊరటనిచ్చే జంతువులు సర్వీస్ యానిమల్స్ కావని తేల్చింది. దాంతో యజమానులు అదే నియమాన్ని ఇళ్లకూ అన్వయించబోయారు. ఇళ్లకు ఆ పరిమితి లేదని హౌసింగ్ శాఖ 2013 ఏప్రిల్‌లో నోటీసు ఇచ్చింది. కుక్క జాతి, బరువు పేరుతో అడ్డుచెప్పకూడదని, పెట్ డిపాజిట్ అడగకూడదని కూడా అందులో ఉంది. జంతువు వల్ల నష్టం జరిగితే మాత్రం అద్దెదారే కట్టుకోవాలి.

డిపాజిట్, పెట్ రెంట్ తప్పుతాయనేసరికి ఆన్‌లైన్‌లో లెటర్ల వ్యాపారం పుట్టుకొచ్చింది. డబ్బు కడితే సర్టిఫికెట్, ఐడీ కార్డు, రిజిస్ట్రేషన్ అన్నీ దొరికేవి. చట్టం వీటిలో ఒక్కటీ అడగలేదు. ఈ వ్యాపారం వల్ల ఎక్కువ నష్టపోయింది యజమానులు కాదు, నిజంగా అవసరం ఉన్న అద్దెదారులే. వాళ్ల లెటర్‌నీ అనుమానంగా చూడటం మొదలైంది. ఈ సైట్ల సంగతి చూడమని 2019 నవంబరులో అప్పటి హౌసింగ్ మంత్రి బెన్ కార్సన్ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు లేఖ రాశారు. 2020 జనవరిలో వచ్చిన కొత్త నోటీసు, సైట్లలో కొన్న సర్టిఫికెట్ ఒక్కటే చాలదంది. 2022 నుంచి కాలిఫోర్నియాలో, కుక్క కోసం లెటర్ ఇవ్వాలంటే థెరపిస్టుకు ఆ వ్యక్తితో కనీసం 30 రోజుల పరిచయం ఉండాలి. విమానాల్లో ఈ సౌకర్యం ఇవ్వాల్సిన బాధ్యత 2021 జనవరిలోనే పోయింది.

ఇళ్లలో హక్కు నిలిచింది. కానీ నోటీసులు శాఖ చెప్పిన వివరణలే, చట్టం కావు. 2025లో హౌసింగ్ శాఖ ఆ రెండు నోటీసులనూ వెనక్కి తీసుకుంది. ఇప్పుడు అద్దెదారు చేతిలో మిగిలింది ఆ 1988 వాక్యం, దానిమీద కోర్టులు ఇచ్చిన తీర్పులు. నాలుగు వాటాలకు మించని ఇంట్లో యజమాని తనూ ఒక వాటాలో ఉంటే సాధారణంగా ఆ వాక్యం కూడా వర్తించదు. అక్కడ అద్దెకున్నవాళ్లు తమ రాష్ట్ర చట్టం ఏమంటుందో చూసుకోవాలి.