యూటా: ఒక పాత సరస్సు ఒడ్డున

అమెరికా పశ్చిమ భాగంలోని యూటా రాష్ట్ర రాజధాని సాల్ట్ లేక్ సిటీకి తూర్పున నిలిచిన వాసాచ్ పర్వతాల వాలుల మీద, నేటి గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పునీటి సరస్సు మట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున, మైళ్ల కొద్దీ సమతలంగా సాగే మెట్టు ఒకటి కనిపిస్తుంది. మంచుయుగంలో సుమారు 50,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన బోన్‌విల్ అనే మంచినీటి సరస్సు అలలు కోసిన ఒడ్డు అది. సుమారు 18,000 ఏళ్ల క్రితం ఉత్తరాన, ఇప్పటి ఐడహోలోని రెడ్ రాక్ కనుమ తెగి, ఆ నీరు వరదగా స్నేక్ నదిలోకి దూకింది. మిగిలినది తర్వాత వాతావరణం పొడిబారడంతో ఆవిరైంది. బేర్, వెబర్, జోర్డాన్ నదులు తెచ్చే నీటికి బయటికి దారి లేక, లవణాలు పోగుపడిన అడుగు భాగమే నేటి గ్రేట్ సాల్ట్ లేక్.

ఈ ఒడ్లను శ్రద్ధగా కొలిచినవాడు భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్. ఒకే నీటిమట్టం గీసిన గీత ఎక్కడైనా ఒకే ఎత్తులో ఉండాలి. కానీ పాత సరస్సు నడుమ దీవులుగా నిలిచిన కొండల మీద అది అంచులలో కంటే ఎత్తుగా ఉందని ఆయన గమనించారు. నీటి బరువుకు కుంగిన భూపటలం, ఆ బరువు తొలగాక తిరిగి పైకి లేచిందని 1890లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. కంటికి గట్టిగా కనిపించే నేల భారానికి వంగుతుందని కేవలం ఎత్తుల కొలతలతో తేల్చిన ఆ పరిశీలన నాకు భూగర్భశాస్త్రంలోని అత్యంత సుందరమైన తర్కాలలో ఒకటిగా తోస్తుంది.

రాష్ట్ర చరిత్ర కూడా నీటి వెంటే నడిచింది. యూట్, షోషోన్, గోషూట్ ప్రజలు తరతరాలుగా నివసించిన ఈ లోయకు 1847 జూలైలో బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో మోర్మన్లు అనే క్రైస్తవ మత శాఖవారు వచ్చారు. యంగ్ చేరడానికి ఒకరోజు ముందే, ముందుగా వచ్చిన బృందం కొండవాగుకు అడ్డుకట్ట వేసి, ఎండి గట్టిపడిన నేలను తడిపి దున్నింది. వాగులు కొండ దిగే చోట్ల ఊళ్లు వెలిసిన కొద్దీ మంచి నీరు, మంచి నేల మూలవాసుల చేజారాయి. మోర్మన్లు పాటించిన బహుభార్యత్వంపై చాలాకాలం సాగిన వివాదం తర్వాత, 1896 జనవరి 4న యూటా 45వ రాష్ట్రమైంది. ఆ ఏడాది నవంబరులోనే వైద్యురాలు మార్తా హ్యూస్ కానన్ అమెరికాలో తొలి మహిళా రాష్ట్ర సెనేటర్‌గా ఎన్నికయ్యారు. ఓడిన అభ్యర్థులలో ఆమె భర్త కూడా ఉన్నారు. ప్రజారోగ్యం కోసం ఆమె చేయించిన చట్టాలకు నేను ఆ గెలుపు కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

నదుల నీటిని పొలాలకు, పట్టణాలకు మళ్లించడం, దానికి కరవు తోడవడం వల్ల 2022లో సరస్సు మట్టం నమోదైన చరిత్రలోనే అత్యల్ప స్థాయికి పడిపోయింది. బయటపడిన అడుగు నుంచి ఆర్సెనిక్ కలిసిన ధూళి లేచి నగరాల మీదికి వస్తుందనే భయం నిజమైనది.

గిల్బర్ట్ మరొక హెచ్చరిక కూడా చేశారు. వాసాచ్ పాదంలోని భ్రంశం (భూపటలంలోని పగులు) వెంట చాలాచోట్ల ఇటీవలి భూకంపాల జాడలు ఉండగా, సాల్ట్ లేక్ సిటీ దగ్గర అవి లేకపోవడం అక్కడ ఒత్తిడి ఇంకా కూడుతోందనడానికి గుర్తు అని 1883లో స్థానిక పత్రికలో రాశారు. 2020 మార్చి 18న నగరానికి పశ్చిమాన 5.7 తీవ్రతతో భూకంపం వచ్చి పాత కట్టడాలను దెబ్బతీసింది. ఆయన ఊహించినంత పెద్దది మాత్రం ఇంకా రాలేదు.