పదో తరగతి: పేపరు తేలికైందా, పాసవడం తేలికైందా?

రిజల్ట్స్ రాగానే అమలాపురం నుంచి భీమవరం దాకా ఫ్లెక్సీలు లేస్తాయి. వాటి కింద నిలబడి పెద్దవాళ్లనే మాటలు కొన్ని, వాటి వెనకున్న లెక్కలు కొన్ని.

అపోహ: ఇంతమంది పాసవుతున్నారంటే పేపర్లు తేలికయ్యాయనేగా!

వాస్తవం: 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 94.88 శాతం పాస్. 98.19 శాతంతో మన తూర్పు గోదావరిదే మొదటి స్థానం. 2022కి వచ్చేసరికి రాష్ట్రం మొత్తమ్మీద 67.26. మూడేళ్లలో పిల్లల తెలివి ఆవిరైపోదు కదండీ. కరోనాతో బడులు మూతపడ్డాయి, 2020, 2021 పరీక్షలు రద్దయ్యాయి. దానికితోడు స్కూల్లోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు తీసేసి, నూటికి నూరూ రాతపరీక్షకే పెట్టారు. ఆ తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రూల్స్, సిలబస్ మారినప్పుడల్లా ఊగే అంకెలివి. వీటితో రెండు తరాల్ని తూచలేం.

అపోహ: మా రోజుల్లో లెక్కల్లో 35 రావడమంటే మాటలా?

వాస్తవం: నిజానికి అప్పుడే పాసవడానికి దారి ఇప్పటికంటే దగ్గర. 2014 వరకు లెక్కలు రెండు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులు. అందులో 15 మార్కులు బిట్ పేపరుకే: ఒక్కముక్కలో జవాబిచ్చే అరమార్కు బిట్లు ముప్ఫై, ఆఖరి అరగంటలో. రెండు పేపర్లకీ కలిపి బిట్లే 30 మార్కులు. అవన్నీ కొట్టి, మొదటి పేపర్లో అయిదు మార్కుల గ్రాఫు ఒక్కటి సరిగ్గా గీస్తే 35, పాస్! బిట్ పేపరు టైములో హాల్లో ఎంత గుసగుస నడిచేదో ఆ తరానికి మేం చెప్పక్కర్లేదు. నాలుగు మార్కుల ప్రశ్నలు కూడా ఎనిమిదిచ్చి నాలుగు రాయమనేవారు కాబట్టి నచ్చని చాప్టర్లు వదిలేసినా నడిచేది.

ఇప్పుడు ఒకటే పేపరు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండేసివి 8, నాలుగేసివి 8. ఈ 28 ప్రశ్నల్లో చాయిస్ అన్నది లేదు. ఎనిమిది మార్కులవి అయిదింటికి మాత్రం ‘ఇది లేదా అది’ అని ఉంటుంది. అంటే వదిలేసిన చాప్టరు మూడు విభాగాల్లోనూ మార్కులు తినేస్తుంది. పాసైతే చాలనుకునే పిల్లలకి మా సలహా ఒకటే: చిన్న ప్రశ్నలు అన్ని చాప్టర్ల నుంచీ చేయించండి. ఒక మార్కువి పది, రెండేసివి ఆరు వస్తే 22. నాలుగేసివి నాలుగు కలిస్తే 38. పెద్ద ప్రశ్న ఒక్కటీ ముట్టకుండానే గట్టెక్కుతారు.

అపోహ: సిలబస్ సగానికి కోసేశారు.

వాస్తవం: మాత్రికలు, లీనియర్ ప్రోగ్రామింగ్ పోయిన మాట నిజమే. సంభావ్యత వచ్చి చేరింది. అసలు కష్టం వేరేచోట ఉంది. 2024-25 నుంచి పదికి ఎన్సీఈఆర్టీ పుస్తకాలు, ఎక్కువమందికి ఇంగ్లీషు మీడియం. లెక్క వచ్చిన పిల్లాడు కూడా ‘యాంగిల్ ఆఫ్ డిప్రెషన్’ (నిమ్నకోణం, అంటే పైనుంచి కిందకి చూసే కోణం) దగ్గర తడబడి కోణాన్ని గోపురం అడుగున పెట్టేస్తాడు. పైనుంచి అడ్డంగా గీత గీసి, దాని కిందకి కోణం చూపించడం ముందు అలవాటు చేయించాలి. పుస్తకంలో ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది, దాన్ని చదివించడం నామోషీ అనుకోకండి.

అపోహ: ఏది రాసినా మార్కులు వేసేస్తారు.

వాస్తవం: ఏది రాసినా కాదు, స్టెప్పుకి వేస్తారు. ఎత్తులు-దూరాల లెక్కలో సరైన పటానికి, సూత్రానికి, విలువలు పెట్టినందుకు, జవాబుకి విడివిడిగా ఉంటాయి. చివర్లో కూడిక తప్పితే పోయేది ఆ జవాబు మార్కే. చిత్తు పనంతా పక్కన చేసుకుని జవాబు మాత్రం రాసే చురుకైన పిల్లలే ఇక్కడ దెబ్బతింటారు.

అపోహ: ఫెయిలైతే ఏడాది పోయినట్టే.

వాస్తవం: ఆ రోజులు పోయాయి. వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి, అదే ఏడాది ఇంటర్లో చేరొచ్చు. ఫీజు గడువు మాత్రం ఫలితాలొచ్చిన కొద్దిరోజులకే ముగుస్తుంది. పిల్లాణ్ణి తిట్టే పని తర్వాత పెట్టుకుని ముందు స్కూలుకి వెళ్లి ఫీజు కట్టండి.