అట్రాజిన్ వివాదం: అసలు మలుపు 1996లో

అమెరికా మొక్కజొన్న పొలాల్లో కొట్టే కలుపు మందు అట్రాజిన్ మీద పాత తగాదా మళ్లీ రాజుకుంది. 2025 మేలో వైట్‌హౌస్ విడుదల చేసిన పిల్లల ఆరోగ్య నివేదికలో గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందుతో పాటు దీని పేరు కూడా కనిపించేసరికి రైతు సంఘాలు భగ్గుమన్నాయి. సెప్టెంబరులో వచ్చిన కార్యాచరణ పత్రంలో ఆ మందులపై కొత్త ఆంక్షలేవీ లేవు. దీనికి సమాంతరంగా ఇంకో పంచాయితీ నడుస్తోంది. వాగుల్లో అట్రాజిన్ ఎంత దాటితే కట్టడి మొదలుపెట్టాలి? పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2016 నాటి అంచనాలో అది లీటరుకు 3.4 మైక్రోగ్రాములు. 2020లో దాన్ని 15కు పెంచారు. పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాక 2022లో మళ్లీ 3.4 అన్నారు. 2024 జులైలో 9.7 దగ్గర ఆగారు.

యూరప్ నిషేధం, కప్పల మీద అట్రాజిన్ ప్రభావంపై జరిగిన పరిశోధనల చుట్టూ చెలరేగిన రగడ చాలామంది రాసినవే. అమెరికా మొక్కజొన్న ప్రాంతమైన మిడ్‌వెస్ట్‌లో రైతు ఈ మందును వదల్లేని స్థితికి ఎలా వచ్చాడన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. దానికి 1996 నుంచి చూడాలి.

అప్పటిదాకా అక్కడి పద్ధతి మన మొక్కజొన్న రైతుకు తెలిసినదే. విత్తనం వేసిన వెంటనే, కలుపు మొలవకముందే నేల మీద మందు కొట్టాలి. వారం పది రోజుల్లో అరంగుళం నుంచి అంగుళం వాన పడితే మందు పైమట్టిలోకి దిగి పొరలా పరుచుకుంటుంది. మొలకెత్తే కలుపు దాన్ని పీల్చుకుని చస్తుంది. వాన రాకపోతే మందు పైపైనే ఉండిపోతుంది, పెట్టిన డబ్బు దండగ. వాన మరీ ఎక్కువైతే వాగులోకి పోతుంది. మొక్కజొన్నకు అట్రాజిన్, మెటోలాక్లోర్, సోయాకు మెట్రిబ్యూజిన్, దుక్కిలో కలిపే ట్రైఫ్లురాలిన్ వాడేవారు. చిరాకు పని. అయినా ఒక్కో మందు కలుపును ఒక్కో దారిలో దెబ్బతీసేది కాబట్టి ఒకదాన్ని తట్టుకున్న మొక్క ఇంకోదానికి చిక్కేది.

1996లో గ్లైఫోసేట్ అమ్మే కంపెనీ మోన్‌శాంటో ఆ మందును తట్టుకునే సోయాను తెచ్చింది. రెండేళ్లకు మొక్కజొన్న వచ్చింది. ఇక వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. కలుపు కాస్త పెరిగాక ఒకే మందు కొడితే పంట తప్ప అన్నీ మాడిపోయేవి. 2006 నాటికి అమెరికా సోయా విస్తీర్ణంలో దాదాపు 90 శాతం కలుపు మందును తట్టుకునే రకాలే. మొలవకముందు కొట్టే మందులను సోయాలో చాలామంది మానేశారు. ఖర్చు తగ్గి, పని తేలికయ్యే దారి కనిపించినప్పుడు రైతు అటు వెళ్లడంలో తప్పులేదు. తప్పు ధీమా ఇచ్చినవాళ్లది. కలుపు మొక్కలు గ్లైఫోసేట్‌ను తట్టుకునే శక్తి తెచ్చుకోవడం చాలా కష్టమని మోన్‌శాంటో శాస్త్రవేత్తలు 1997లో ఒక పరిశోధన పత్రికలోనే వాదించారు.

మూడేళ్లు తిరిగేసరికి, 2000లో, డెలావేర్ సోయా పొలాల్లో మేర్స్‌టెయిల్ అనే కలుపు ఆ మందుకు చావలేదు. 2005 కల్లా జార్జియాలో పామర్ అమరాంత్, మిస్సోరిలో వాటర్‌హెంప్ అదే బాట పట్టాయి. ఈ రెండూ మన తోటకూర జాతివే. వాటర్‌హెంప్ ఆడమొక్క ఒక్కటే లక్షల గింజలు రాలుస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు దాకా విడతలు విడతలుగా మొలుస్తూనే ఉంటుంది. దాంతో రైతులు పాత మందుల కోసం మళ్లీ వెతుక్కున్నారు. విత్తేటప్పుడు ఒకసారి, కొన్ని వారాలకు ఇంకోసారి నేల మందు వేయాలన్నది ఇప్పుడు అక్కడి విశ్వవిద్యాలయాలు చెప్పే మాట.

మధ్యలో విలువైన కాలం పోయింది. గ్లైఫోసేట్‌తో పోటీపడి గిట్టుబాటు కాదని మిగతా కంపెనీలు కొత్త కలుపు మందుల పరిశోధన కుదించుకున్నాయి. కొత్త దారిలో పనిచేసే మందు ఏదీ మొక్కజొన్న, సోయా రైతుల చేతికి రెండు దశాబ్దాలకు పైగా రాలేదు. అట్రాజిన్ లేకపోతే ఖర్చు పెరుగుతుందని, దున్నకం పెరిగి మట్టి కోతకు గురవుతుందని మొక్కజొన్న రైతుల సంఘం నేషనల్ కార్న్ గ్రోయర్స్ అసోసియేషన్ అంటోంది. ఆ భయంలో నిజముంది. ఇంకో మార్గం ఎందుకు లేకుండా పోయిందన్న ప్రశ్నకు మాత్రం వాళ్ల వాదనలో చోటు లేదు.

అట్రాజిన్‌ను వదల్లేకపోవడం వల్ల వచ్చే ఖర్చు ఇంకొందరి మీద పడింది. సరస్సులు, నదుల నీటిని శుద్ధి చేసి తాగే చిన్న ఊళ్లు మిడ్‌వెస్ట్‌లో చాలా ఉన్నాయి. మే, జూన్ వానలకు పొలాల నుంచి మందు ఆ నీటిలోకి దిగుతుంది. తాగునీటిలో అమెరికా పరిమితి లీటరుకు 3 మైక్రోగ్రాములే, కానీ దాన్ని ఏడాది సగటు మీద చూస్తారు. వానల నెలల్లో ఎగబాకిన మోతాదు చలికాలపు శుభ్రమైన నీటితో కలిసి లెక్కలో చదునైపోతుంది. ఆ నెలల్లోనూ కడుపుతో ఉన్న ఆడవాళ్లు తాగేది ఆ కుళాయి నీళ్లే. మందును తీయాలంటే దాన్ని పట్టుకునే ప్రత్యేక బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, దాని బిల్లు ఊరిది. ఇల్లినాయ్‌లోని హాలిడే షోర్స్ నీటి సరఫరా సంస్థ 2004లో దావా వేసింది. అట్రాజిన్ తయారుచేసే సింజెంటా 2012లో వెయ్యికి పైగా నీటి సంస్థలకు 10.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

మనకూ ఈ గొడవ దూరమైనదేమీ కాదు. తెలుగు రాష్ట్రాల్లో మొక్కజొన్న విత్తిన రెండు రోజుల్లోపు ట్యాంకులో కలిపేది ఎక్కువగా అట్రాజినే. 2020 మేలో కేంద్రం నిషేధిస్తామని ముసాయిదాలో పెట్టిన 27 మందుల్లో అట్రాజిన్, పెండిమిథాలిన్, బ్యూటాక్లోర్ ఉన్నాయి. 2023 నాటి తుది ఉత్తర్వులో ఈ మూడూ లేవు.

వాషింగ్టన్‌లో 3.4, 9.7, 15 అంటూ వాదించుకుంటుండగా ఇల్లినాయ్ పొలాల్లో ఇంకోటి తేలింది. మొక్కజొన్న అట్రాజిన్‌కు చావకపోవడానికి కారణం, దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థంతో కలిపి విరిచేసే ఎంజైములు దానిలో ఉండటం. అదే పద్ధతిలో అట్రాజిన్‌ను విరిచేసే వాటర్‌హెంప్ అక్కడ కనిపించింది. కొన్నిచోట్ల మెటోలాక్లోర్‌కు కూడా ఆ మొక్క సరిగా లొంగడం లేదు.