కొండగుర్తులు పట్టుకుని జంట సరస్సుల దాకా

చిరంజీవులు పెద్దోడికీ, చిట్టితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

ఫోన్లో దారి చూపించే బొమ్మ ఉండగా కొండలూ నదులూ చూసుకుంటూ విమానం నడపడం ఎందుకని మొన్న అడిగారు. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

అలాస్కాలో యాంకరేజ్ నగరంలో లేక్ హుడ్ అనే చెరువు ఉంది. నీటి మీద దిగే విమానాల రద్దీ ప్రపంచంలో అన్నిచోట్ల కంటే అక్కడే ఎక్కువ. అక్కడ లేచి, పడమటి కొండల అవతల ఉన్న ట్విన్ లేక్స్‌కి వెళ్లే దారి చెబుతాను. ఆ జంట సరస్సుల్లో ఎగువ దాని ఒడ్డున రిచర్డ్ ప్రెనెకీ అనే ఆయన 1968లో ఒంటరిగా, చేతి పనిముట్లతో కట్టుకున్న దుంగల ఇల్లు ఉంది. తలుపు బందులు కూడా కొయ్యతోనే చెక్కుకున్నాడు. అది ఇప్పుడు లేక్ క్లార్క్ నేషనల్ పార్కులో భాగం. అక్కడికి రోడ్డు లేదు. ఫ్లోట్ ప్లేన్, అంటే చక్రాల బదులు నీటి మీద తేలే ఫ్లోట్లు ఉన్న విమానం, ఉంటేనే సుఖంగా చేరగలం.

బయల్దేరే ముందు మ్యాపు పరుచుకోవాలి. పైలట్ల మ్యాపులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 5 కిలోమీటర్లు. మా బీవర్ విమానం గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకోండి, ఆ సెంటీమీటరు దాటడానికి రెండు నిమిషాలకు కాస్త తక్కువే పడుతుంది. కాబట్టి ఏ నిమిషానికి ఏది కనబడాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాం. దిక్సూచిని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆ ప్రాంతంలో దాని ముల్లు అసలు ఉత్తరం నుంచి దాదాపు 15 డిగ్రీలు తూర్పుకి తిరిగి ఉంటుంది. ఆ తేడా లెక్కలోకి తీసుకోకపోతే 100 కిలోమీటర్లు పోయేసరికి 26 కిలోమీటర్లు పక్కకి వెళ్లిపోతాం.

ఇక అసలు విషయం. ముందు గడియారం, తర్వాత మ్యాపు, ఆ తర్వాతే నేల. ఈ వరుస తప్పకూడదు. కింద ఒక సరస్సు కనబడగానే అది మ్యాపులో ఏదా అని వెతికితే, అలాంటిది ఒకటి దొరికి తీరుతుంది! అలాస్కాలో 30 లక్షలకు పైగా సరస్సులు ఉన్నాయంటారు. వంకర తిరిగిన ప్రతి సరస్సూ ఇంకో వంకర సరస్సులాగే ఉంటుంది. దారి తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. తమకు కావలసిన సరస్సునే చూస్తున్నామని మనసు ఒప్పేసుకుంటుంది. అందుకే గడియారం చూసి, "ఇప్పుడు కుడి పక్కన నది, దానికి అవతల మొనదేలిన కొండ రావాలి" అని ముందుగా అనుకుని, అప్పుడు తలెత్తి చూడాలి. ఒక్క ఆనవాలు చాలదు. మూడు కలవాలి.

ఏది నమ్మదగ్గ గుర్తో కూడా తెలుసుకోవాలి. లేక్ హుడ్ నుంచి లేవగానే కుక్ ఇన్లెట్ అనే సముద్రపు పాయ దాటాలి. యాంకరేజ్ దగ్గర ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం దాదాపు 30 అడుగులు మారుతుంది. పొద్దున బురద మేట ఉన్నచోట మధ్యాహ్నానికి నీళ్లు. మ్యాపులో గీసిన ఒడ్డు ఆ గంటకు అక్కడ ఉండకపోవచ్చు. అందుకే అక్కడ సుసిట్నా కొండనీ, పడమటి ఒడ్డున టయొనెక్ ఊరినీ పట్టుకుంటాం. ఇంజిన్ ఆగిపోయినా జారుకుంటూ ఒడ్డుకు చేరేంత ఎత్తులో ఎగరాలి. ఆ చలినీళ్లలో మనిషి ఎక్కువసేపు తట్టుకోలేడు.

తర్వాత ఎడమన రెడౌట్ అగ్నిపర్వతం ఉండగా లేక్ క్లార్క్ కనుమలోకి దూరతాం. నాకు ఈ దారిలో అన్నింటికంటే ఇష్టమైన చోటిది. రెండు పక్కలా గోడల్లాంటి కొండలు, వాటి మీంచి వేలాడే హిమానీనదాలు. ఇక్కడ నది ఏ వైపు పారుతోందో చూడటం నేర్చుకోండి. కనుమకు తూర్పున నీళ్లు మనకు ఎదురొస్తాయి, సముద్రపు పాయకేసి పోతాయి. నడినెత్తి దాటగానే త్లికకీలా నది మనతోపాటు పడమరకు, లేక్ క్లార్క్‌కి పారుతుంది. హిమానీనదాలు రాళ్లను అరగదీసిన పిండి కలిసి ఆ నీళ్లు బూడిద రంగులో ఉంటాయి. పక్కలోయలోకి పొరపాటున తిరిగితే నీటి దారే ముందుగా చెప్పేస్తుంది. వేల ఏళ్లుగా అక్కడే బతుకుతున్న డెనైనా ప్రజలు కూడా దిక్కులు చెప్పేది నది ఎగువ, దిగువలను బట్టే.

కనుమలో నడిమధ్యన ఎగరకూడదు. కుడి కొండ వారగా పోతే వెనక్కి తిరగడానికి వెడల్పంతా మన చేతిలో ఉంటుంది. ముందు మబ్బు కమ్మిందా, మలుపు ఇరుకయ్యే లోపే తిరిగిపోవాలి. జీపీఎస్ మనం ఎక్కడున్నామో సరిగ్గా చెబుతుంది, నేనూ దాన్ని పక్కనే పెట్టుకుంటాను. కానీ ఎదుటి మలుపులో మబ్బు ఎంత కిందికి దిగిందో, సరస్సులో మొద్దు తేలుతోందో లేదో అది చెప్పదు.

లేక్ క్లార్క్ దాటి ఉత్తరానికి కొండలెక్కితే జంట సరస్సులు. ఇక్కడా మూడు ఆనవాళ్లు సరిపోవాలి: వరసగా రెండు సరస్సులు, వాటిని కలిపే చిన్న పాయ, దిగువ సరస్సు పడమటి చివర నుంచి బయటికి పోయే చిలికడ్రోట్నా నది. ఎగువ సరస్సు దక్షిణపు ఒడ్డున హోప్ క్రీక్ వచ్చి కలిసేచోట స్ప్రూస్ చెట్ల మాటున ఆ ఇల్లు. పైనుంచి ఇల్లు వెతక్కండి, వాగు వెతకండి.

దిగే ముందు ఒక చుట్టు తిరిగి నీళ్లు చదవాలి. గాలి వచ్చే వైపు ఒడ్డు దగ్గర నీరు నున్నగా, అవతలికి పోయేకొద్దీ అలలుగా ఉంటుంది. గాలి లేక సరస్సంతా అద్దంలా ఉంటేనే అసలు ప్రమాదం. నీటి పైతట్టు ఎక్కడుందో కంటికి అందదు. పది అడుగులో యాభై అడుగులో తెలియదు. అప్పుడు ఒడ్డు వెంబడే, చెట్లను చూసుకుంటూ, నిమిషానికి 150 అడుగులకు మించకుండా దిగుతూ, ఫ్లోట్లు తాకేదాకా ఇంజిన్ బలం తగ్గించకుండా ఉండాలి. దిగాక బ్రేకులు ఉండవు. ఇంజిన్ ఆపి, మిగిలిన ఊపుతో గులకరాళ్ల ఒడ్డుకు చేర్చి, చెట్టుకు తాడు కట్టాలి.

ఈ ఉత్తరంతో ఆ ప్రాంతం మ్యాపు ఒకటి పంపుతున్నాను. లేక్ హుడ్ నుంచి టయొనెక్ మీదుగా కనుమ దాకా గీత గీసి, ప్రతి పది నిమిషాలకూ ఒక చుక్క పెట్టండి. ప్రతి చుక్క దగ్గరా కుడిన ఏం కనబడాలి, ఎడమన ఏం కనబడాలి అని రాసి, ఆదివారం వీడియో కాల్లో నాకు చదివి వినిపించండి. చిట్టితల్లి మొదట చదవాలి, పెద్దోడు మధ్యలో అందించకూడదు.

మీ తాతయ్య