అట్రాసిటీ కేసు: మా కోర్టు వరండాలో రోజూ వినే అపోహలు

శ్రీకాకుళంలో క్రిమినల్ కేసులు చూస్తాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితుల తరఫునా వాదించాను, నిందితుల తరఫునా వాదించాను. విచిత్రం ఏమిటంటే, రెండు వైపులవాళ్లూ పొరబడేది దాదాపు ఒకే చోట.

అపోహ: కులం పేరు పెట్టి తిడితే చాలు, కేసు నిలబడిపోతుంది.

"కులం పేరెట్టి తిట్నాడు బాబూ, ఇంకేటి రాయాల?" అంటారు. చాలా రాయాలి. ఆ మాట నలుగురూ చూసే చోట అని ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే తిట్ల సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. టీ బడ్డీ దగ్గరా, పొలం గట్టు మీదా, ఎవరెవరు విన్నారు, అన్న మాట ఏమిటి, ఇవన్నీ మొదటి ఫిర్యాదులోనే ఉండాలి. "దుర్భాషలాడినాడు" అని ఎవరో రాసిపెట్టిన ఒక్క ముక్కను పట్టుకుని కేసు నడిపి ఓడిపోయాను. తిట్టును తిట్టులాగే రాయించండి, సిగ్గుపడొద్దు.

అపోహ: అది పొలం తగాదా, కులం గొడవ కాదు.

మా వైపు ఎక్కువగా వినేది ఇదే. 2012 జూన్ 12న వంగర మండలం లక్షింపేటలో జరిగిన దాడికి ఐదుగురు దళితులు బలైనప్పుడూ ఈ మాట అన్నవాళ్లున్నారు. అక్కడి తగాదా మద్దువలస రిజర్వాయరు భూముల మీద. పొలం ఉంటే కులం మాయమైపోదు. దళితుల, గిరిజనుల భూమి ఆక్రమించడం, సాగుకి అడ్డుపడడం ఈ చట్టంలో విడిగా నేరాలే.

అసలు చిక్కు ఇంకోటి ఉండేది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాన్ని "ఆ కులం అన్న కారణంతో" చేశాడని రుజువైతేనే ఈ చట్టం కింద యావజ్జీవం పడేది. మనసులో కారణానికి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో, చూపులేని దళిత యువతిపై అత్యాచారం రుజువైంది. కులమే కారణమని మాత్రం రుజువు కాలేదంటూ 2021లో సుప్రీంకోర్టు ఈ యావజ్జీవ సెక్షన్ కింది శిక్షను కొట్టేసి, అత్యాచారానికి పడ్డ శిక్షను ఉంచింది. అది పాత చట్టం నాటి నేరం. 2016 జనవరి 26 నుంచి ఆ మాట "ఆ కులమని తెలిసి" అని మారింది. బాధితుణ్ణి గానీ, వాళ్ల కుటుంబాన్ని గానీ నిందితుడు ఎరిగి ఉంటే, కులం తెలుసనే కోర్టు భావించాలి. తెలీదని అతనే రుజువు చేసుకోవాలి. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్ల కేసుల్లో ఇది చాలా పెద్ద తేడా.

అపోహ: ఫిర్యాదు ఇస్తే ఆ రాత్రికే జైలు.

నిందితులు టెన్షన్‌తో పరిగెత్తుకొచ్చేది ఇందుకే. ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు, మామూలుగా ముందస్తు బెయిల్ రాదు. అంతవరకూ నిజం. కానీ తిట్ల కేసుకి గరిష్ఠ శిక్ష ఐదేళ్లే కాబట్టి, అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పిలిచి విచారించవచ్చు. ఫిర్యాదులో ఈ చట్టం కిందికొచ్చే నేరమే కనిపించకపోతే ముందస్తు బెయిల్‌కి అడ్డులేదని సుప్రీంకోర్టు 2020లోనే మరో తీర్పులో చెప్పింది.

అపోహ: కేసు గెలిచాకే పరిహారం.

కాదు. 2016 నిబంధనల్లో తిట్ల కేసుకి లక్ష రూపాయలు. ఎఫ్ఐఆర్ దశలో 25 శాతం, ఛార్జిషీటుకి 50, శిక్ష పడ్డాక మిగతా 25.

అపోహ: చర్చికి వెళ్లే సవర, జాతాపు గిరిజనులకి ఈ చట్టం లేదు.

హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉండాలన్న షరతు ఎస్సీలకే. ఎస్టీలకి మతం షరతు లేదు.

అపోహ: కొత్త చట్టాలొచ్చాయి కదా, ద్వేషంతో చేసే హత్యలన్నిటిలో శిక్ష వేయించడానికి ఇక ఇబ్బంది లేదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఐదుగురు, అంతకు మించి కలిసి కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం ఉంది. చూశారా, "కారణంతో" మళ్లీ వచ్చింది. క్రిమినల్ చట్టం కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోది, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రమే సవరించుకోవచ్చు. అయితే అక్కడ "తెలిసి" అని మార్చేస్తే మరీ వెడల్పవుతుంది, నిందితుల వైపు నిలబడితే నేనే అభ్యంతరం చెబుతాను. ఘటనకి ముందూ వెనకా అన్న మాటలు, వాట్సాప్‌లో తిప్పిన మెసేజీలు దొరికితే ఆ కారణం ఉన్నట్టే కోర్టు భావించాలని ఒక్క నిబంధన చేరిస్తే చాలని నా అభిప్రాయం.