కాజీపేట డిమాండ్లన్నిటికీ మూలం ఆ పది నెలలే

కాజీపేట జంక్షన్ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. రైల్వే డివిజన్ (జోన్ కింద ఉండే పాలనా విభాగం) ఇవ్వాలని, అయోధ్యాపురం దగ్గరి రైల్వే తయారీ యూనిట్‌లో స్థానికులకు కొలువులు దక్కాలని, మరిన్ని రైళ్లు ఆపాలని డిమాండ్లు. నిజాం కాలపు పట్టాల ముచ్చట అందరికీ తెలిసిందే. 1929లో బల్లార్షా లైను కలవడంతో ఢిల్లీ-మద్రాసు దారిలో కాజీపేట కీలకమైన కూడలి అయింది. అంతవరకు చాలు. ఇప్పటి పంచాయితీ అర్థం కావాలంటే 1984 అక్టోబరు ఆఖరు నుంచి 1985 ఆగస్టు దాకా ఏం జరిగిందో చూడాలి.

ఓరుగల్లు జనం చెప్పేదేమిటంటే, రైలు పెట్టెలు తయారుచేసే కోచ్ ఫ్యాక్టరీ 1982లోనే కాజీపేటకు ఖాయమైంది. మూడు వైపులకూ లైన్లున్న జంక్షన్, తరతరాలుగా రైల్వే పని తెలిసిన కార్మికులు, పక్కనే వరంగల్ నగరం. మూడేళ్లు తిరగకుండానే అది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. ‘ఎత్తుకుపోయారు’ అనే మాట ఇక్కడ ఇంటింటా వినబడుతుంది. ఆ మాటలో కోపం ఉంది, నిజమూ ఉంది. కానీ ఎలా పోయిందన్నది ఎవరూ వివరంగా చెప్పుకోరు.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. డిసెంబరు ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్‌కు పట్టం కడితే ఆంధ్రప్రదేశ్ మాత్రం తెలుగుదేశం వైపు నిలిచింది. కాజీపేటను ఆనుకునే ఉన్న హనుమకొండలో కేంద్రమంత్రి పి.వి. నరసింహారావు ఓడిపోయారు. గెలిచింది బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు, అందులో ఒకటి ఇది. పీవీ మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. కేబినెట్‌లో ఆయన ఉన్నారు, కానీ హనుమకొండ తరఫున కాదు. హనుమకొండ తరఫున సభలో ఉన్న ఎంపీకి అధికార పక్షంలో చోటు లేదు. రాష్ట్రంలో ఉన్నదేమో కేంద్రానికి గిట్టని ప్రభుత్వం. ఢిల్లీలో గట్టిగా అడిగే నోరు ఒక్కసారిగా లేకుండా పోయింది. ఫ్యాక్టరీ తరలిపోవడానికి ఉగ్రవాదంతో రగులుతున్న పంజాబ్ పరిస్థితి ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా నమ్మకం.

1985 జులై 24న పంజాబ్ సమస్యపై ప్రధాని రాజీవ్‌గాంధీ, అకాలీదళ్ నేత లోంగోవాల్ ఒప్పందం చేసుకున్నారు. ఆగస్టు 17న కపుర్తలాలో కోచ్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. మూడు రోజులకే లోంగోవాల్‌ను కాల్చి చంపారు. నెత్తురోడుతున్న పంజాబ్‌లో యువతకు పని చూపాలన్న ఆలోచనను ఎవరూ తప్పుపట్టలేరు. అక్కడ ఇవ్వడం తప్పు కాదు, ఇక్కడ మళ్లీ ఇవ్వకపోవడమే తప్పు. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీకి కోచ్ ఫ్యాక్టరీ వచ్చింది. కాజీపేట వంతు రాలేదు.

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీకి గల సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. ‘పరిశీలించాలి’ అన్నారే తప్ప ‘పెట్టాలి’ అనలేదు. ఆ సందు చాలింది. ఉన్న ఫ్యాక్టరీలే దేశ అవసరాలకు సరిపోతాయన్నది రైల్వే శాఖ వాదన. అదే శాఖ 2018 మార్చిలో మహారాష్ట్రలోని లాతూరులో కొత్త కోచ్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేయించింది. ఈ రెండూ ఎలా పొసగుతాయో కాజీపేటకు వచ్చి చెప్పిన అధికారి లేడు.

చివరికి కాజీపేటకు దక్కింది వ్యాగన్ల ఓవరాలింగ్ వర్క్‌షాప్, అంటే గూడ్సు పెట్టెలను బాగుచేసే కర్మాగారం. భూమి అప్పగింతలోనే ఏళ్లు గడిచాయి. తర్వాత దాన్నే తయారీ యూనిట్ స్థాయికి పెంచారు. 2023 జులై 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం 500 కోట్ల రూపాయల పైమాటే. కోచ్‌లూ అక్కడే తయారవుతాయని కేంద్ర మంత్రులు చెబుతున్నారు. పాత బాకీ తీరినట్టేనని వాళ్ల లెక్క. స్థానికులు మాత్రం మొదట కొలువుల లెక్క చెప్పమంటున్నారు. నలభై ఏళ్లలో ఒక తరం అప్రెంటిస్‌షిప్‌లు చేసి, పరీక్షలు రాసి, వయసు మీరి ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు వాళ్ల పిల్లలు అడుగుతున్నారు. ఆ అడగడాన్ని రాజకీయమని కొట్టిపారేయడం అన్యాయం.

స్టేషన్ సంగతీ ఇందులో భాగమే. బల్లార్షా నుంచి విజయవాడ వైపు వెళ్లే రైళ్లు కాజీపేట స్టేషన్‌కు రాకుండానే పక్క లైను మీదుగా వరంగల్ చేరతాయి. వాటిని ఎక్కాలంటే ఇక్కడివాళ్లు వరంగల్ పోవాల్సిందే. సికింద్రాబాద్ వైపు రైళ్లే ఈ ప్లాట్‌ఫారాలకు ఆధారం. స్టేషన్లను ఆధునికీకరించే అమృత్ భారత్ పథకం కింద భవనాలకు మెరుగులు దిద్దినా పట్టాల ఈ అమరిక మారదు.

డివిజన్ డిమాండ్‌కు కొత్త బలం మాత్రం ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి వచ్చింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించినప్పుడు విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లను అందులోకి చేర్చారు. దక్షిణ మధ్య రైల్వేకు మిగిలేవి సికింద్రాబాద్, హైదరాబాద్, నాందేడ్. వీటిలో తెలంగాణలో ఉన్న రెండింటికీ కేంద్రం రాజధానే. అందుకే నాలుగో డివిజన్ కాజీపేటకే రావాలని ఇక్కడి కార్మిక సంఘాలు పట్టుబడుతున్నాయి.