కీ-వై నిజంగా స్విచ్చేనా? మార్కుల తగాదా వెనుక 2006 నాటి ఒక స్ఫటికం

తిరుపతిలోని ఒక కళాశాలలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఇంటర్నల్ పరీక్షలో ‘కీ-వై రెండు స్థితుల స్విచ్; వివరించండి’ అని అడిగితే (బాక్టీరియా మోటారుకు దిశ మార్చమని కబురందించే ప్రోటీనే కీ-వై), ‘ఆన్’, ‘ఆఫ్’లకు నడుమ మధ్యస్థ రూపాలు కూడా ఉన్నాయని రాసిన వారికి మార్కులు తగ్గాయి. దాంతో పాత వాదం మళ్లీ రేగింది. మోటారు తిప్పే తోకల్లాంటి కశాభాలు అపసవ్యంగా తిరిగితే ఇ.కోలి బాక్టీరియా సూటిగా ఈదుతుందని, సవ్యంగా తిరిగితే పల్టీ కొట్టి దిక్కు మార్చుకుంటుందని డిగ్రీ పాఠాల్లోనే ఉంది కనుక ఆ సంగతులు మళ్లీ చెప్పనక్కర్లేదు.

దిద్దిన వారి వాదన క్లుప్తమైనది: కీ-వైలో 57వ స్థానంలోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ చేరితే (‘ఆన్’) కీ-వై మోటారులోని ఫ్లి-ఎం అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, ఊడితే (‘ఆఫ్’) వదిలేస్తుంది. దీనికి ఆధారం లేకపోలేదు. ఆ ఫాస్ఫేట్ కొద్ది సెకన్లలోనే ఊడిపోతుంది కాబట్టి నిర్మాణం చూడటానికి కావలసిన స్ఫటికం కట్టడం అసాధ్యమై, దాని స్థానంలో దాన్ని పోలిన బెరీలియం ఫ్లోరైడ్‌ను వాడి 2001లో నిర్మాణాన్ని తేల్చారు. అందులో 87వ అమైనో ఆమ్లమైన థ్రియోనిన్ ఫాస్ఫేట్ చేరే చోటు వైపు జరిగి, 106వదైన టైరోసిన్ లోపలికి ముడుచుకుని కనిపించింది. ఆ బొమ్మను ఫాస్ఫేట్ లేని బొమ్మ పక్కన పెడితే రెండే స్థితులున్నట్టు ఎవరికైనా తోస్తుంది.

అసలు మలుపు 2006లో వచ్చింది. ఫాస్ఫేట్ లేకుండా, మెగ్నీషియం మాత్రమే ఉన్న కీ-వైని ఫ్లి-ఎం మొదటి 16 అమైనో ఆమ్లాల ముక్కతో కలిపి స్ఫటికంగా మార్చి చూశారు. రెండు స్థితుల సూత్రమే నిజమైతే, ముక్క అంటుకున్న కీ-వై పూర్తిగా ‘ఆన్’ రూపంలోకి మారి ఉండాలి. ఇదే ముక్కతో తీసిన 2001 నాటి బొమ్మలోలాగే ముక్క అదే చోట, దాదాపు అదే భంగిమలో కూర్చున్నా, కీ-వై చాలావరకు ‘ఆఫ్’ రూపంలోనే ఉండి, కొన్ని చోట్ల మాత్రమే ‘ఆన్’ వైపు ఒరిగింది. ఫాస్ఫేట్ చేరితే ఫ్లి-ఎం మీద పట్టు 20 రెట్లు పెరుగుతుందన్నది అంతకుముందే తెలిసిన లెక్క. ఒక జవాబు పత్రంలో సరిగ్గా ఈ ‘20 రెట్లు’ కిందే ఎర్ర గీత పడింది. ఫాస్ఫేట్ లేనప్పుడు పట్టు బొత్తిగా లేకపోతే, సున్నాను 20తో హెచ్చించినా సున్నాయే కదా!

2012లో అణువుల కదలికలను పసిగట్టే ఎన్‌ఎంఆర్ పరిశీలన ఇంకో అడుగు వేసింది. కీ-వైలోని భాగాలన్నీ ఒక్కసారిగా మారవని, వేర్వేరు భాగాలు వేర్వేరు వేగాలతో కదులుతాయని తేల్చింది.

మరి బాక్టీరియా తడబడకుండా దిక్కెలా మార్చుకుంటుంది? ఇందుకు జవాబు అంతకుముందే ఉంది. ఫాస్ఫేట్ ఉన్న కీ-వై గాఢత కాస్త పెరిగినా మోటారు ఒక్కసారిగా దిశ మార్చుకుంటుందని 2000లో ఒక్కో కణాన్ని కొలిచి చూపారు. కీ-వై ఫ్లి-ఎంకు అంటుకోవడం మాత్రం అంత నిటారుగా పెరగదని 2002లో తేలింది. అంటే ఆ ఒక్కసారిగా మారే గుణం కీ-వైలో లేదు, మోటారులో సుమారు 34 ఫ్లి-ఎం ప్రతులున్న వలయంలో ఉంది. వలయం చుట్టూ ఉండి దాన్ని తిప్పే స్టేటర్లు అనే భాగాలు ఎప్పుడూ ఒకే దిశలో తిరుగుతాయని, వలయం రూపు మారి వాటిని ఏ పక్కన తాకుతుందన్న దాన్ని బట్టే దాని దిశ మారుతుందని 2020 నుంచి వస్తున్న చిత్రాలు సూచిస్తున్నాయి. ఇది ఎలాగంటే, బస్టాండు ముందు చెరకు రసం బండిలో ఒకదాన్నొకటి బయటి నుంచి తాకే రోలర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అదే చిన్న రోలరు చేతి గాజులాంటి పెద్ద వలయం లోపలి అంచును తాకుతూ తిరిగితే రెండూ ఒకే దిశలో తిరుగుతాయి.

2006 నాటి స్ఫటికంలో ఉన్నది 16 అమైనో ఆమ్లాల ముక్కే, పూర్తి మోటారు కాదన్నది దిద్దిన వారి పక్షాన నిలిచే అభ్యంతరం. అయితే 2001 నాటి బొమ్మలో ఉన్నదీ ఆ ముక్కే.